నీ పేరేటిరా

గదిలో వెలుతురు తగ్గించాలి. ఫోన్ చేతికివ్వకూడదు. సముద్రం మీదికి పంపకూడదు. నిద్రపోనివ్వొచ్చు, కానీ లేపితే లేవాలి. లేచాక పేరు అడగాలి. వాంతులైనా, మాట తడబడినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

నర్సమ్మ చెప్పిన వాటిలో కాళమ్మ ఒక్కటీ మరవలేదు.

వేటకెళ్ళే డుంగీ పడవ జెట్టీకి గుద్దుకున్నప్పుడు కొడుకు తల ఇనప అంచుకు తగిలింది. రక్తం రాలేదు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి వాంతి చేసుకుంటే, "జాలరోడివి, నీకు సముద్రం పడలేదేటిరా" అని బతు బస్తీలో ఇరుగుపొరుగంతా నవ్వారు. అడిగిందే మళ్ళీ అడుగుతుంటే, తాగొచ్చాడన్నారు. నవ్వినవాళ్ళలో కాళమ్మా ఉంది.

ఇప్పుడలా కాదు. మధ్యాహ్నం కొడుకు కాస్త కన్ను మూస్తే చాలు, వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. భుజం తడుతుంది.

"లేరా నాయనా. నీ పేరేటిరా?"

కొడుకు ఆమె ముఖంలోకి చూస్తాడు. జవాబు వెంటనే రాదు. ఆ కాస్త ఆలస్యానికే కాళమ్మ ఆసుపత్రికని చెప్పుల కోసం చూస్తుంది.

"మల్లేశునమ్మా."

"తల నొప్పెడతందా?"

"లేదు."

"ఉన్నా లేదనే అంటావు. నీ సంగతి నాకు తెల్దా?"

అప్పుడామె ముఖం తేటపడుతుంది. గంజి కాయడానికి లేస్తుంది. గుమ్మంలో కోడలు బేబీరాణి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోతుంది.

ఒకరోజు డుంగీలో తోడుండే కన్నారావు వచ్చాడు.

"మోటరు బాగైంది భయ్యా. చలో, పోదాం."

కాళమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "డాక్టరు సరే అనేదాకా కాలు బైటెట్టడు. నువ్వెళ్ళు."

"అది కాదు పిన్నీ, అసలు..."

"ఛోడ్‌రా కన్నా" అన్నాడు కొడుకు. "నేను రాను."

కన్నారావు తల దించుకుని వెళ్ళిపోయాడు.

"ఇంకెన్నాళ్ళిలాగ?" వీధి పంపు దగ్గర బేబీరాణి మొగుణ్ణి నిలదీసింది. "ఇల్లెలా గడుస్తాది?"

"కుదుటపడాలి గదే. తొందరేటి?"

ఇంటి లోపల్నుంచి కాళమ్మ పిలుపు వినిపించింది. అతను బిందె దించి, పరుగున వెళ్ళి మంచమెక్కి కళ్ళు మూసుకున్నాడు.

అతని పేరు చిరంజీవి, తలకు ఏ దెబ్బా తగల్లేదు. ఆ రోజు వాంతి చేసుకుని, నిద్రొస్తోందని పడుకుని, ఇక లేవని అతని తమ్ముడి పేరు మల్లేశు, ఎవరిది ఏ పేరో మీరైనా గుర్తుపెట్టుకోండి.