వదులైన పొత్తిగుడ్డ

"నువ్వు ఆ గుడ్డ గట్టిగా చుట్టుంటే ఇవాళ పిల్లకి ఈ కోత తప్పేది," అంది కసినెం, ఆపరేషన్ గది ముందు బెంచీ మీద కూర్చుంటూనే.

కోడలు తుమీని తల వంచుకుంది. పన్నెండేళ్లుగా వింటున్న మాటే. పుట్టిన బిడ్డని భుజాల నుంచి పాదాల దాకా పొత్తిగుడ్డలో బిగించి చుట్టకపోతే కాళ్లు వంకరపోతాయని వాళ్ల ఊళ్లో తెలియని తల్లి లేదు. తుమీనికీ తెలుసు. కానీ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక, అత్త కంటపడకుండా రెండు మూడుసార్లు గుడ్డ వదులు చేసింది. ఆ పిల్ల వెనింగ్ ఇప్పుడు స్ట్రెచర్ మీద పడుకుని ఉంది. మోకాళ్ల మధ్య కొబ్బరికాయ పట్టేంత సందు.

అప్పటి నుంచీ కసినెం కోడలి చేతిపని దేన్నీ నమ్మదు. స్నానానికి వీపు రుద్దాలన్నా మనవరాలే రావాలి.

డాక్టరు కాగితాలతో వచ్చాడు. "ఇందులో ఒక గడి ఖాళీగా ఉండిపోయిందమ్మా. ఇది వంశంలో ఒకరి నుంచి ఒకరికి వచ్చే జబ్బు. ఎముకకి కావలసిన లవణం ఒంట్లో నిలవదు, అందుకే వంగిపోతుంది. గుడ్డకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. కోసి, తిన్నగా నిలబెట్టి, లోపల కడ్డీ వేస్తాం. మందులు మాత్రం మానకూడదు. ఇంతకీ మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"వాళ్ల నాన్నకి కాస్త..." తుమీని నసిగింది.

"నా కొడుకువి చెట్లెక్కి వంగిన కాళ్లు," అత్త అందుకుంది. "రోజుకి ముప్ఫై కొబ్బరిచెట్లెక్కి నీరా దించేవాడు బాబూ. మానుని అన్నేళ్లు కావలించుకుంటే నీ కాళ్లయినా వంగుతాయి. ఆ చెట్టు మీంచి పడే పోయాడు. మా వంశంలో ఎవరికీ ఏ వంకరా లేదు. ఉంటే గింటే ఈవిడ వైపే చూసుకో."

"మావాళ్లందరివీ తిన్నని కాళ్లేనండి," అంది తుమీని.

"చూశావా మరి? లోపం నీ చేతుల్లోనే ఉంది." కసినెం నడుముకి చుట్టుకున్న, పాదాల మీద జీరాడుతున్న బాతిక్ బట్టని సర్దుకుని ముఖం తిప్పుకుంది.

డాక్టరు నిట్టూర్చి, గడిలో 'లేదు' అని రాసుకున్నాడు. తుమీని సంతకం పెట్టింది. పెట్టి, కూతురి మోకాళ్ల మీద చేతులు వేసి ఏడ్చేసింది.

"నన్ను క్షమించు తల్లీ. నీ కాళ్లు నేనే పాడుచేశాను."

"నేను చెప్పింది వినలేదా అమ్మా?" అన్నాడు డాక్టరు.

విన్నది. కానీ డాక్టరు చెప్పి రెండు నిమిషాలైంది. అత్త చెప్పబట్టి పన్నెండేళ్లు. ఆ ఏడుపు చూసి కసినెం బాతిక్ బట్ట అంచుని ఇంకాస్త కిందికి లాక్కుంది.

నర్సు స్ట్రెచర్ తోసింది. సరిగ్గా తలుపు దగ్గర వెనింగ్ నానమ్మ చెయ్యి పట్టుకుంది. నర్సు విడిపించబోయినా వదల్లేదు.

"భయమేస్తోందా?" కసినెం గొంతు మొదటిసారి మెత్తబడింది.

"నాకేం భయం లేదు. నీ గురించే బెంగ," అంది పిల్ల. "నాన్నేమో పోయాడు. నావి తిన్నగా అయిపోతే, ఇంక మనింట్లో వంకరకాళ్లతో నువ్వొక్కదానివే మిగులుతావు కదా నానమ్మా?"