నూట పద్దెనిమిది ఓట్లు

ఒక్క ఫైటు కూడా లేని సినిమాకి ఉత్తమ ఫైట్ల అవార్డు వచ్చింది.

ఆరువేల రెండు వందల ఓట్లతో.

గురువారం పొద్దున హాసిని లాప్‌టాప్ పక్కకు నెట్టేసింది.

ఢిల్లీ మునిర్కాలో నాలుగో అంతస్తులోని ఆ అద్దెగదిలో తొమ్మిదేళ్ల కిందట కొందరు తెలుగు విద్యార్థులు కలిసి ఈ పోటీ మొదలుపెట్టారు. ఏటా ప్రేక్షకులే ఆన్‌లైన్‌లో ఓట్లేసి తెలుగు సినిమావాళ్లకు అవార్డులిస్తారు. ఏ రోజు ఎన్ని ఓట్లు పడ్డాయి, ఎవరికి పడ్డాయి అని రాసిపెట్టే పని మూడేళ్లుగా హాసినిది.

తొమ్మిదేళ్లలో ఏ రోజూ ఓట్లు తొమ్మిది వందలు దాటలేదు.

ఈసారి మంగళవారం మధ్యాహ్నం ఒక్క గంటలో ఆరువేలు పడ్డాయి. అన్నీ ఒకే హీరోయిన్ సినిమాకి. పద్నాలుగు విభాగాల్లోనూ.

“దొంగ ఓట్లు రఘువీర్! ఈ మెయిల్ ఐడీలు చూడు. పేరంతా ఒకటే, చివర అంకెలు మారుతున్నాయి. తీసేద్దాం.”

“పాగల్ హై క్యా?” అన్నాడు రఘువీర్. ఐదేళ్లుగా సివిల్స్ రాస్తూ, ఈ పోటీని నడిపేది అతనే. “ఆమె ఫ్యాన్సంతా మన పేజీ షేర్ చేస్తున్నరు. ఆల్‌టైమ్ రికార్డిది. రికార్డును ఎవడన్న తీసేస్తడా?”

హాసిని ఇంకేదో అనబోయింది. తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒకావిడ. యాభై అయిదేళ్లుంటాయి. నేత చీర, రంగు వెయ్యని జుట్టు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

“ఇక్కడే ద్వారకలో మా తమ్ముడింటికి వచ్చాను. మీ పేజీలో ఈ అడ్రసు చూశాను. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?”

హాసిని మంచినీళ్లిచ్చింది. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి నేరుగా విషయానికొచ్చింది.

“డబ్బింగ్ అవార్డు ఫలితం మార్చాలి బాబూ. అన్నపూర్ణేశ్వరికి ఆరువేలు, భీమేశ్వరరావుగారికి నూట పద్దెనిమిది అని పెట్టారు. ఆ ఆరువేలల్లో ఒక్కళ్లూ విని వేసినవాళ్లు కాదు. ఈ నూట పద్దెనిమిది మందీ విన్నారు. కింద వాళ్లు రాసినవన్నీ చదివాను.”

రఘువీర్ నవ్వాడు.

“మీరెవరి ఫ్యాన్ ఆంటీ?”

“ఆయన చెప్పిన సినిమాలో గని కూలిన సీను విన్నావా నువ్వు? ఊపిరందక ఆ ముసలాయన కొడుకుని పిలుస్తాడు చూడు. దానికోసం భీమేశ్వరరావుగారు ఈ వయసులో స్టూడియో చుట్టూ మూడుసార్లు పరుగెత్తి, ఆ రొప్పుతోనే మైకు ముందు నిలబడ్డారు. ముప్ఫై ఏళ్లలో ఆయనకి ఒక్క అవార్డు రాలేదు.”

“యూట్యూబ్‌ల చూసి వచ్చి కథలు చెప్తున్నరా?”

“అన్నపూర్ణేశ్వరి మీ హీరోయిన్‌కి జలుబుతో, రెండే రోజుల్లో డబ్బింగ్ చెప్పేసింది. బాగా చెప్పలేదు. వింటే తెలిసిపోతుంది.”

రఘువీర్ మొహం మారింది.

“అంత పెద్ద ఆర్టిస్టుని పట్టుకుని బాగలేదంటరా? ఇట్ల కుళ్లుకునేటోళ్లు ప్రతి సంవత్సరం వస్తరు. లేవండి. ఔర్ భీ కామ్ హై హమే, వేరే పనులున్నయి.”

ఆవిడ హాసిని వైపు తిరిగింది.

“ఓట్లు రాసిపెట్టేది నువ్వేనా అమ్మా? నీకు తెలుసుగా?”

హాసిని తల దించుకుంది. రఘువీర్ తలుపు బార్లా తీసి నిలబడ్డాడు.

ఆవిడ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, వెనక నుంచి అతను వీడియో తీశాడు. ‘ఓటమి తట్టుకోలేని ఆంటీ’ అని పేజీలో పెట్టాడు. సాయంత్రానికి రెండు వేలమంది నవ్వారు. ఆవిడ నడకని వెక్కిరించినవాళ్లు కొందరు. చీరని, ఒళ్లుని పట్టుకుని రాయకూడని మాటలు రాసినవాళ్లు ఇంకొందరు.

“తీసెయ్ రఘువీర్, ప్లీజ్.”

“వ్యూస్ చూసినవా నువ్వు?”

అతనంటే అసహ్యమేసింది హాసినికి. ఆవిడ సూటిగా అడిగినప్పుడు నోరు తెరవని తనమీద అంతకన్నా ఎక్కువ వేసింది.

ఆదివారం సాయంత్రం అవార్డుల సభకి హాలు నిండిపోయింది. స్టేజీ మీద పెద్ద ఫ్లెక్సీ. ‘ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి అన్నపూర్ణేశ్వరి’ అన్న అక్షరాల పైన హీరోయిన్ ఫోటో వేశారు.

“ఈ ఫోటో ఏంటి?” అంది హాసిని.

“ఆమె ఫోటో ఎక్కడా దొరకలే. అయినా డబ్బింగోళ్ల మొహం ఎవడు చూస్తడు?”

మైకు అందుకుని రఘువీర్ గొంతు పెంచాడు.

“ఈ గొంతును గుర్తుపట్టని తెలుగోళ్లుంటరా? తొమ్మిదేళ్ల రికార్డులన్నీ బద్దలు కొట్టిన అన్నపూర్ణేశ్వరిగారు!”

చప్పట్లు మోగాయి. ఎవరూ స్టేజీ ఎక్కలేదు. పంపిన మెయిల్‌కి జవాబు కూడా రాలేదు.

డబ్బింగ్ యూనియన్ వాళ్లనడిగి తెప్పించిన నంబరొకటి ఉంది. రఘువీర్ హాసినికి సైగ చేశాడు. ఆమె నంబరు కలిపి, స్పీకర్ నొక్కి, ఫోన్‌ని మైకు దగ్గర పెట్టింది.

“నమస్తే మేడమ్. ఢిల్లీ నుంచి హాసినిని. మీకే అవార్డు వచ్చింది. మా వాళ్లతో రెండు మాటలు మాట్లాడతారా?”



అలసటగా, నెమ్మదిగా, ఆ గొంతు హాలంతా వినబడింది.

“వద్దని చెప్పడానికే కదమ్మా, గురువారం మీ గదికొచ్చాను.”