పదకొండు గీతలు

పొద్దున్నుంచి గీతలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మూడుసార్లు టీ తెచ్చుకుంది, మూడుసార్లూ చల్లారబెట్టుకుంది.

ఆమె అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు. రోజంతా గీతలు చూసే మనిషి కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

భూమి కింద సొరంగంలో కణాలు ఢీకొంటాయి. పగిలిన ముక్కలు చుట్టూ ఉన్న యంత్రంలో చుక్కలు వదిలి పారిపోతాయి. ఆ చుక్కల్ని కలిపి, ఏ గీత ఎక్కడ పుట్టిందో తేల్చడం ఆమె పని.

మామూలుగా గీతలు నడిమధ్యలో, కణాలు ఢీకొన్న చోటే పుట్టాలి. కోట్ల గీతల్లో పదకొండు మాత్రం అక్కడికి జానెడు దూరంలో పుట్టాయి. యంత్రం పటం చూస్తే అంత దూరంలో ఏ వస్తువూ లేదు, అంతా ఖాళీ. అంటే కొత్త కణమేదో ఎవరికీ కనబడకుండా అక్కడిదాకా వచ్చి విరిగిందన్నమాట!

సాయంత్రం నాలుగింటికి హాల్లో అందరి ముందూ చెప్పాలి. ఆ మాట నిలబడితే మూడేళ్ల కష్టం ఫలిస్తుంది. తప్పయితే ఇక ఆమె మాట ఎవరూ నమ్మరు.

పదింటికి రిసెప్షన్ నుంచి ఫోను.

"నీకోసం ఒక పెద్దాయన వచ్చాడే. గంట నుంచి కదలడం లేదు."

"ఎవరట అక్కా?"

"అది చెప్పడు. సాయంత్రం సభకని బయట గోడమీద పెట్టిన నీ పోస్టరు చదివి వచ్చాడట."

గీతలమ్మ తల పట్టుకుంది. విశ్వరహస్యం చంకలో పెట్టుకుని ఇలాంటి చోట్లకు వారానికొకరు వస్తారు. పోయిన వారం వచ్చినాయన కాలం అనేదే లేదని రెండు గంటలు వాదించి, బస్సుకు టైమైందని లేచాడు.

విసుక్కుంటూ కిందికి దిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి లేచి నిలబడ్డాడు.

"రెండు నిమిషాలే అమ్మా. ఆ పదకొండూ ఏ పక్కన పుట్టాయి?"

"ఏ పక్కనంటే?"

"పైనా, కిందా అని. కింద పక్కనేనా?"

"పక్కతో పనేముందండీ? ఎంత దూరమన్నదే నాకు ముఖ్యం."

"ఒక్కసారి చూడు తల్లీ."

"మీ సిద్ధాంతమేంటో చెప్పండి, నాకు అవతల పనుంది."

"సిద్ధాంతమేమీ లేదమ్మా. ఏ పక్కనో తెలియకుండా నోరు జారితే ఒకరి మీద నింద వేసినట్టవుతుంది. ముందు నువ్వు చూడు, తర్వాత చెబుతాను."

ఆమెకు ఒళ్లు మండింది.

"మీకు దణ్ణం పెడతాను బాబాయ్‌గారూ, రేపు రండి."

"రేపటికి ఆలస్యమైపోతుంది."

"అయితే రాకండి!"

అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం కోప్పడలేదు. తలూపి, తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

మెట్లెక్కుతుంటే ఆమెకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. చూస్తే ఏం పోయింది? నిమిషం పని. ఇంతలో పైనుంచి వాళ్ల సారు పిలిచారు, ఆ మాట అక్కడే మరుగున పడింది.

నాలుగింటికి హాలు కిటకిటలాడింది. గీతలమ్మ గడగడా చెప్పుకుపోయింది. చప్పట్లు మోగాయి.

వెనక వరుసలో ఒకావిడ చెయ్యెత్తింది.

"అన్నీ జానెడు దూరమే, బాగుంది. ఏ పక్కన?"

పొద్దున పెద్దాయన అడిగిందీ ఇదే. గీతలమ్మ అందరూ చూస్తుండగానే ఆ పదకొండు చోట్లనూ తెరమీద పెట్టింది.

కొత్త కణమైతే అన్ని పక్కలా విరిగేది; ఇవి చుట్టూ పరుచుకోలేదు. అడుగున, వేలిగోరంత చోట, ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు.

యంత్రాన్ని దగ్గరుండి కట్టించిన పెద్ద ఇంజినీరు ముందు వరుసలోంచి లేచి ఆమె దగ్గరికొచ్చాడు.

"పటంలో లేని లోహపు ముక్కేదో అక్కడ పడి ఉందమ్మా. కణాలు దానికి కొట్టుకుని విరుగుతున్నాయి. కొత్త కణమూ లేదు, పాడూ లేదు."

"పొద్దున ఒక పెద్దాయన ఇదే అడిగాడు సార్," ఆమెకు ఏడుపొచ్చేసింది. "కింద పక్కనేనా అని. ఎవరో పిచ్చివాడనుకుని తరిమేశాను."

ఇంజినీరు మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ మాట అడగగల మనిషి ఒక్కడే. పన్నెండేళ్ల కిందట ఆ యంత్రం మూత బిగించాల్సిన ఫిట్టరు. ఒక నట్టు తగ్గింది, దొరికేదాకా మూత వేయొద్దని కాళ్లావేళ్లా పడితే, పనికి అడ్డం పడుతున్నాడని నేనే ఇంటికి పంపేశాను."