మొదట చెప్పే హక్కు

వీధిలో అందరిలాగే వకుళ కూడా ఇంటి కబుర్లను టీవీ ఛానల్‌కి రాసిచ్చేసింది. ఏ వార్తయినా, ఇంట్లోవాళ్ళకైనా సరే, ఏడున్నర ప్రసారంలోనే మొదట తెలియాలి. ముందే నోరు జారితే ఒప్పందం రద్దయి, తల్లి వైద్యానికి ఛానల్ పెడుతున్న ఖర్చు ఆగిపోతుంది.

మధ్యాహ్నం తల్లి రాజ్యమ్మ రిపోర్టు వకుళ ఫోనుకి వచ్చింది. జబ్బు తిరగబెట్టింది.

"డాక్టరుగారేమన్నారే?" సాయంత్రం బెండకాయలు తరుగుతూ రాజ్యమ్మ మూడోసారి అడిగింది. ఎందుకో ఇంట్లోనే పట్టుచీర కట్టుకుని కూర్చుంది.

"రిపోర్టు ఇంకా రాలేదమ్మా," అంది వకుళ, గోడమీద ఛానల్ వాళ్ళు బిగించిన ఎర్రదీపం వంక చూస్తూ. ఒళ్ళు మండిపోతోంది ఆమెకు. కన్నతల్లికి ఆమె ప్రాణం సంగతి చెప్పడానికి ఎవడి అనుమతి కావాలి?

సరిగ్గా ఏడున్నరకి ప్రసారం మొదలై, దీపం ఆకుపచ్చగా మారింది.

"అమ్మా, రిపోర్టు..."

మాట పూర్తికాకముందే రాజ్యమ్మ కత్తిపీట పక్కకి నెట్టి, కెమెరా ఉన్న కిటికీ వైపు తిరిగి భోరుమంది. వకుళ నిర్ఘాంతపోయి, పరుగున వెళ్ళి వాటేసుకుంది.

తల్లి ఆమె చెవిలో గుసగుసగా అంది: "ఛానల్ వాళ్ళు నాకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారే. నీకు తెలియనివ్వొద్దన్నారు. కాస్త ఇటు తిరుగు తల్లీ, నీ మొహం కూడా కనబడాలట."