తాగని కాఫీ

కొత్తమనిషి కాఫీ గిన్నె అందుకున్నాడు గానీ తాగలేదు. మెల్లగా తన ముందు చాప మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

ఇంటాయన షేక్ ఫవ్వాజ్ అది చూశాడు.

సిరియా దక్షిణాన మా హౌరాన్ పల్లెల్లో, ఇంటికొచ్చినవాడు కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే అడగాల్సింది ఏదో ఉందని అర్థం. ఇంటాయన "తాగవయ్యా, నీ పని అయినట్టే" అనాలి. అప్పుడే అతను తాగుతాడు, అడుగుతాడు. ఆ మాట అన్నాక అడిగింది ఇవ్వకపోతే ఇంటి పరువు మట్టిలో కలిసినట్టే.

ఇక గిన్నె చూసి కూడా పలకరించకపోవడమా? అంత సిగ్గుమాలిన పని మావైపు ఇంకోటి లేదు. దొంగకైనా పిల్లనిస్తారు గానీ అలాంటివాడికి ఇవ్వరు.

మామూలు రోజైతే ఫవ్వాజ్ ఆ మాట అనడానికి రెప్పపాటు ఆలస్యం చేసేవాడు కాదు.

ఆ రోజు మాత్రం ఆయన కొడుకు నాయిఫ్ రైలు స్టేషన్‌లో ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఉన్నాడు.

ముందు రోజు ఎవరో పట్టాలు పేల్చేశారు. సైనికుల బండి బోల్తా పడింది. పక్క చేలో దున్నుకుంటున్న నాయిఫ్‌ని కెప్టెన్ పెడరెక్కలు విరిచి కట్టించి తీసుకెళ్ళాడు. పేల్చినవాడు ఈ చుట్టుపక్కలే ఉన్నాడనీ, మర్నాడు పొద్దుగూకేలోగా అప్పజెప్పకపోతే వీణ్ణి గోడకి నిలబెట్టి కాల్చేస్తామనీ దుబాసీ చేత చెప్పించాడు.

ఎవరు పేల్చారో ఊళ్ళో ఒక్కడికీ తెలియదు. తెలిస్తే ఏం చేసేవాళ్ళో, అదీ తెలియదు.

ఇదిగో ఇప్పుడు, గడువు రోజు పొద్దు వాలే వేళకి, ఈ మనిషి. బట్టల నిండా దుమ్ము. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ బయటికి కనిపిస్తున్న వేళ్ళు కాలి కమిలిపోయి ఉన్నాయి.

సావిట్లో ఉన్నవాళ్ళంతా ఆ వేళ్ళే చూశారు.

ఫవ్వాజ్ ఏదో పనున్నట్టు లేచి పెరట్లోకి వెళ్ళాడు. తమ్ముడి కొడుకు మిజ్వల్ వెనకే వచ్చాడు.

"పెదనాన్నా, వాడే. నలుగురం పట్టుకుని స్టేషన్‌కి ఈడ్చుకుపోతే నాయిఫ్ ఇంటికొచ్చేస్తాడు."

"నా గడప లోపలికొచ్చినవాణ్ణా?"

"అయితే నాయిఫ్‌కి గుంట తవ్విస్తావా?"



ఫవ్వాజ్ భార్య అక్కడే గోడకానుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బిపోయాయి. అతణ్ణి అప్పజెప్పమని నేననను, అలాంటి ఇంట్లో నేనూ ఉండలేను అంది.

"కానీ తాగమని మాత్రం అనకు, అబూ నాయిఫ్. నాయిఫ్ తండ్రివి నువ్వు. అన్నావా, దాచమంటాడు. దాచావా, నా కొడుకు నాకు దక్కడు."

ఫవ్వాజ్‌కీ అదే తోచింది. అప్పజెప్పొద్దు, ఆశ్రయమూ ఇవ్వొద్దు. చూడనట్టు ఊరుకుంటే వాడంతట వాడే లేచిపోతాడు.

లోపలికొచ్చి కూచున్నాడు. వానలు ఎందుకు వెనకబడ్డాయో మాట్లాడాడు. గోధుమల గురించి మాట్లాడాడు. తనేం మాట్లాడుతున్నాడో తనకే తెలియదు. చాప వైపు మాత్రం చూపు పోనివ్వలేదు.

కాఫీ పోసే ముసలి దైఫల్లా ఉండబట్టలేక, అతిథి కాఫీ చల్లారిపోతోందని గుర్తు చేశాడు. ఫవ్వాజ్ వినపడనట్టు ఊరుకున్నాడు. ముసలాయన చల్లారింది పారబోసి వేడిది పోశాడు. దాన్నీ కొత్తమనిషి ముట్టలేదు.

కాసేపటికి అతను లేచాడు. ముఖంలో కోపం లేదు. తిట్టిపోయినా బాగుండేది అనిపించింది ఫవ్వాజ్‌కి.

"అబ్బాయిని పట్టుకెళ్ళారని దారిలో విన్నాను. కష్టంలో ఉన్నారు. తప్పు వేళకి వచ్చాను," అన్నాడతను. "మీ అబ్బాయి పేరేమిటి?"

"నాయిఫ్," అన్నాడు ఫవ్వాజ్ నేల చూస్తూ.

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. పీడ విరగడైందన్నాడు మిజ్వల్. దైఫల్లా నిప్పులార్పేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు.

పొద్దు కుంకుతుండగా స్టేషన్ వైపు నుంచి తుపాకులు పేలాయి.

తల్లి గుమ్మంలోనే కూలబడింది. ఫవ్వాజ్ కదల్లేదు. అప్పజెప్పి ఉండాల్సింది అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా మళ్ళీ అదే అనుకున్నాడు.

ఇంకా పూర్తిగా చీకటి పడకముందే నాయిఫ్ నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

తల్లి వాణ్ణి తడిమి తడిమి చూసుకుంది. మిజ్వల్ గొర్రెని కోస్తానని కత్తికోసం పరిగెత్తాడు. నాయిఫ్ ముఖంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"చేతికి గుడ్డ కట్టుకున్న మనిషి ఒకడు తిన్నగా నడిచొచ్చాడు నాన్నా. పట్టాలు పేల్చింది నేను, నాయిఫ్‌ని వదిలేయండి అన్నాడు. నేనతణ్ణి ఎన్నడూ చూడలేదు, నా పేరెలా తెలుసో అప్పుడర్థం కాలేదు. నా కట్లు విప్పి అతనికి కట్టారు. నేను గేటు దాటకముందే కాల్చేశారు."

ఫవ్వాజ్ శవం ఎక్కడుందని అడిగాడు.

లారీలో వేసుకుని డమాస్కస్ తీసుకుపోయారట. అక్కడ చౌక్‌లో పడేసి జనానికి చూపిస్తారట.

"నా కట్లు విప్పుతుంటే చెప్పాడు, వస్తూ వస్తూ మనింటికి వచ్చానని."

"దాచమని అడుగుతాడనుకున్నానురా," అన్నాడు ఫవ్వాజ్.

నాయిఫ్ తండ్రి వైపు చూడలేకపోయాడు.

"లొంగిపోవడానికే బయల్దేరాడట నాన్నా. వాళ్ళ ఊరు తగలబెట్టేశారు, పాతిపెట్టేవాళ్ళు లేరు. తన శవాన్ని దక్కించుకుని మన ఖబరస్తాన్‌లో ఆరడుగుల నేల ఇమ్మని అడగడానికి వచ్చాడట."