బీరువాలో మాత్రలు

“అత్తయ్యా, నా కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టారేమిటి?”

“నేనా? ఏమోనమ్మా!” అని అత్తగారు నవ్వబోయి, ఎందుకో ఆగిపోయింది.

కోడలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నిన్న స్టవ్ మీద పాలు మాడి బొగ్గయ్యాయి. మొన్న వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంట్లో ఉండేది ముగ్గురు. మొగుడుగారు నెలలో సగం రోజులు టూర్లలోనే ఉంటాడు. ఇక మిగిలిందెవరు? వేలెత్తి చూపించాలా?

ఆవిడ మామూలు కోడలు కాదు, మందుల కంపెనీలో భద్రతా విభాగానికి అధిపతి. తమ మాత్ర మింగి ఏ మూల ఎవరికి తుమ్మొచ్చినా ఆ కబురు ముందు ఆవిడ బల్ల మీదికే రావాలి. ఆఫీసులో చాటుగా ‘పోలీసమ్మ’ అంటారు. ఇప్పుడు ఆ పోలీసమ్మ ఇంట్లోనే కేసు పడింది. కీళ్ళ నొప్పులకి కంపెనీ కొత్తగా తెచ్చిన మాత్రలు అత్తగారి కోసం తనే ఇంటికి మోసుకొచ్చింది. ఆ తర్వాతే ఈ మతిమరుపు మొదలైంది.

ఇలాంటప్పుడు వాళ్ళ విభాగంలో ఒకటే పద్ధతి. మందు ఆపి చూస్తారు. తగ్గిందా, తప్పు మందుదే. తగ్గలేదా, మందు నిర్దోషి. ఆవిడా అదే చేసింది. మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

మతిమరుపు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది.

“అయితే మందు తప్పు లేనట్టే మేడమ్,” అన్నాడు ఆఫీసులో ఆవిడ చెప్పిందంతా విని అసిస్టెంటు డాక్టరు. “బయటి నుంచి కూడా కొందరు మతిమరుపు అని ఫిర్యాదు చేశారు. వయసు మళ్ళినవాళ్ళే. అమ్మకాలు ఆపాలా వద్దా, సాయంత్రానికల్లా మీ మాట కావాలని ఎండీ గారు కూర్చున్నారు.”

“ఇవాళేనా? నాకెవరూ చెప్పలేదే!”

“పొద్దున నేనే చెప్పాను మేడమ్.”

“పొద్దున నా బుర్ర ఇంటి దగ్గరే ఉండిపోయింది లేవయ్యా.”

నిర్దోషి అని రాసేద్దామని పెన్ను తీసింది. మళ్ళీ మూత పెట్టేసింది. వేలమంది మింగుతున్న మాత్రాయె. అసలు అత్తగారు నిజంగా మానేసిందా? ఆ అనుమానం రాగానే ఇక కుర్చీలో కూర్చోలేకపోయింది. ఆదరాబాదరా ఇంటికొచ్చి బీరువా తెరిచింది.

మాత్రల షీటు దాదాపు ఖాళీ!

ముందు ఒళ్ళు మండింది. తర్వాత అంతా అయోమయమైపోయింది. తాళంచెవి తన దిండు కిందే ఉంటుంది. తను స్నానానికెళ్ళినప్పుడు తీసిందా? ఎక్కడ ఏది పెట్టిందో గుర్తుండని మనిషికి ఇంత కిటుకు ఎలా గుర్తుంది? తలా తోకా దొరకడం లేదు.

వంటింట్లో అత్తగారు కూర తరుగుతోంది.

“అత్తయ్యా, దొంగచాటుగా మాత్రలు వేసుకుంటున్నారా? నేనేమీ అనను, నిజం చెప్పండి. మీరు మానేసుంటే మందు మంచిది. మానకపోతే ఇవాళే దాన్ని ఆపించాలి. మీ ఒక్క మాట మీద అంతమంది ఆరోగ్యం ఆధారపడి ఉంది!”

అత్తగారు కత్తి పక్కన పెట్టింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పెద్ద ఉద్యోగం, పని ఒత్తిడి, అదే సర్దుకుంటుందిలే అని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానమ్మా.”

“ఎవరికి ఒత్తిడి? నాకేం అర్థం కావట్లేదు. వేసుకున్నారా, లేదా?”

“నాకు కీళ్ళ నొప్పులెక్కడివే తల్లీ? ఒక్క మాత్ర కూడా నేను నోట్లో వేసుకోలేదు.”

“మరి షీటెలా ఖాళీ అయింది?”

అత్తగారు కోడలి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

“అవి నీ భుజం నొప్పికి నువ్వు రోజూ వేసుకుంటున్న మాత్రలమ్మా.”