కుట్టు లోపలి గుడ్డ

"ఇంకో అంగుళం లోపలికి తీసెయ్ అన్నా," అన్నాడు బేకరీ ఆయన, జారిపోతున్న ప్యాంటును రెండు చేతులా పట్టుకుని.

టేపు మెడలో వేసుకున్న దర్జీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. మొన్ననే బిగించిన ప్యాంటది.

"తీస్తాను గానీ మిగిలిన గుడ్డ కత్తిరించను. కుట్టు లోపలే మడిచి ఉంచుతా. పొట్ట మళ్ళీ వస్తుందిగా, ఎక్కడికి పోతుంది?"

"తర్వాత వస్తే రానీ. ఇప్పుడు మాత్రం పోవాలి."

ఇద్దరివీ పక్కపక్క దుకాణాలు. సాయంత్రమైతే అటునుంచి క్రీమ్ బన్నులు, ఇటునుంచి టీలు. ఏళ్ళ తరబడి నడిచిన ఈ ముచ్చట కాస్తా, బేకరీ ఆయన లివర్లో కొవ్వు పేరుకుందని తెలిసిన రోజే ఆగిపోయింది. ఇంకేదో పరీక్షకి వెళ్తే ఇది బయటపడిందట. చుక్క ముట్టని మనిషికి ఆ జబ్బేమిటని దర్జీ నోరెళ్ళబెట్టాడు.

"తాగక్కర్లేదన్నా. తీపి తినడం, నూనెలో వేయించినవి తినడం, కూర్చున్నచోటి నుంచి కదలకపోవడం. నేను అన్నీ చేశాను."

"మరి మందులు?"

"నడకే మందన్నాడు డాక్టరు. కడుపు మాడ్చుకోకూడదట, నెమ్మదిగా తగ్గాలట. అంత టైం ఎక్కడుందన్నా?"

అప్పట్నుంచి ఆయన తెల్లారకముందే నడకకి పోతున్నాడు. క్రీమ్ రుచి చూడాల్సొస్తే దర్జీని కేకేస్తాడు. ఆ పుణ్యమా అని దర్జీకి పొట్ట మొదలైంది.

దర్జీ వేళాకోళమంతా పైకే. ఈసారి స్కాన్‌లో కొవ్వు తగ్గకపోతే ఇక లాభం లేదన్నారని విన్నప్పట్నుంచీ ఆయన కుట్లు వంకర పోతున్నాయి. బేకరీ ఆయన తమ్ముణ్ణి తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండేది. నిన్నమొన్నటిదాకా కౌంటర్లో కూర్చుని కబుర్లు చెప్పినవాడు, అన్నకి బాగాలేదనగానే ఇటు తొంగి చూడటం మానేశాడు.

"ఏడీ మీవాడు? బరువంతా నీ నెత్తిన పడేసి?"

"ఇంట్లో ఉన్నాడన్నా. వాణ్ణేం అనకు."

"వెనకేసుకురా, బాగా వెనకేసుకురా! పోనీ, ఈ కేకు ముక్కయినా తిను. ఒక్కదానికే చస్తావా? ప్రాణమంటే మరీ ఇంత తీపా?"

"తీపే మరి," అని ముక్క పక్కకి జరిపేశాడు బేకరీ ఆయన.

స్కాన్ రోజున దర్జీ మిషను ముందు కూర్చున్నాడన్న మాటే గానీ సూదిలోకి దారం ఎక్కలేదు. మధ్యాహ్నానికి బేకరీ ఆయన నవ్వుతూ వచ్చాడు.

"తగ్గిందన్నా. డాక్టరు సరేనన్నాడు."

"బతికించావురా!" దర్జీ ఆయన్ని వాటేసుకుని ఏడ్చేశాడు. "ఆ ప్యాంటు ఇలా తే. లోపలి గుడ్డ కత్తిరించి పారేస్తా."

"దాని సంగతి తర్వాత. ముందు రెండు చొక్కాలు కుట్టాలి. ముందువైపు పూర్తిగా విప్పుకునేలా, పొట్ట దగ్గర బాగా వదులుగా. గుండీలొద్దు, నాడాలు పెట్టు."

"పొట్ట కరిగించుకుని వదులు చొక్కాలా? మతి పోయిందా?"

"ఒకటి నా కొలతకి. రెండోది దీని కొలతకి." తమ్ముడి పాత చొక్కా తీసి బల్ల మీద పెట్టాడు.

దర్జీ మొహం చిట్లించాడు. "నీ జబ్బు తగ్గితే వాడికెందుకయ్యా కొత్త చొక్కా?"

"సోమవారం నా లివర్లో సగం కోసి వాడికి పెడుతున్నారన్నా."